ఎడమ చానెల్

రైలు కదలగానే హెలెనా ఒళ్ళోని ఐస్‌క్రీమ్ డబ్బాను రెండు చేతులా పట్టుకుంది. రెండు లీటర్ల డబ్బా. అందులో ఐస్‌క్రీమ్ ఏనాడో అయిపోయింది, తర్వాత కొన్నాళ్ళు అమృతం ఆంటీ గోంగూర పచ్చడి దాచింది, ఎన్నిసార్లు తోమినా ఆ వాసన వదల్లేదు, ఇప్పుడు అదే వాసనలో ఏటీఎం కార్డంత కంప్యూటర్ బోర్డు ఒకటి పాత తువ్వాలు ముక్క చుట్టుకుని పడుకుంది. పక్కన పవర్ బ్యాంకు, మెడలో హెడ్‌ఫోన్లు, బ్యాగులో ల్యాప్‌టాప్. మెల్‌బోర్న్ శివార్లలోని క్రెయిగీబర్న్ నుంచి సిటీ వైపు ముప్పావుగంట ప్రయాణం. ఆ ముప్పావుగంటలో ఈ బోర్డు ఎడమవైపు పలుకుతుందో లేదో విని ప్రపంచానికి చెప్పాలి. ప్రపంచమంటే మరీ పెద్ద మాటే. ఇలాంటి బోర్డులు కొనుక్కుని వాటిచేత పాటలు పాడించుకుంటూ సెలవులు గడిపే రెండు మూడు వందల మంది. కానీ ఆ రెండు మూడు వందల మందిలో ఎబెన్ ఉన్నాడు. పంతొమ్మిది రోజులుగా ఆమె ఫోను ఎత్తని ఎబెన్. కాబట్టి ప్రస్తుతానికి ఆమెకు ప్రపంచమంటే అంతే.

డ్రైవర్ రాస్తున్నామని మొదటిసారి చెప్పినప్పుడు ఆంటీ, "టాక్సీయా అమ్మా? లైసెన్సు వచ్చేసిందా?" అంది. చర్చిలో నలుగురికీ చెప్పింది కూడా, మా ఇంట్లో అద్దెకుండే పిల్ల చదువుకుంటూనే డ్రైవింగు చేస్తోందని. అది కాదాంటీ, బోర్డు మీద శబ్దం చేసే చిప్పు ఒకటుంటుంది, దాని భాష కంప్యూటర్‌కి రాదు, కంప్యూటర్ భాష దానికి రాదు, మధ్యలో ఉండే దుబాసీ పేరు డ్రైవర్, అని విడమరిచి చెబితే ఆంటీ కాసేపు ఆలోచించి, "మరి మీకేమొస్తుంది?" అంది. ఏమీ రాదాంటీ, పేరుంటుంది. అవును, పేరుంటుంది. ఆ లోకంలో అదో ఆచారం, రాసిన ప్రతి ముక్క అడుగునా ఎవరు రాశారో, ఎవరు పరీక్షించారో, తప్పు ఎవరు పట్టుకున్నారో పేర్లు పెట్టాలి. ఇవాళ పొద్దున ఎబెన్ సరిదిద్దిన రెండో ప్రతి పంపాడు, ఆమెకి కాదు, అందరికీ వెళ్ళే మెయిలింగ్ లిస్టుకి. దాని అడుగున ఆమె పేరుంది. లోపాన్ని తెలియజేసినవారు: హెలెనా. ఇంటిపేరుతో, ఈమెయిల్‌తో సహా, ఒక్క అక్షరం తప్పు పోకుండా. ఇన్నాళ్ళ మౌనం తర్వాత అతని దగ్గర్నుంచి వచ్చిన ఒకే ఒక్క మాట ఆమె పేరు, అదీ రాయక తప్పని ఆచారం కాబట్టి. ఎంత శుభ్రంగా రాశాడో. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పేరు రాసినట్టు.

దాని కిందే, ఇలాంటి డ్రైవర్లన్నిటికీ గుమ్మం దగ్గర కాపలా ఉండే కెనడా పెద్దాయన జవాబు. అక్కడ సాయంత్రమట. "చూడ్డానికి బాగానే ఉంది. హెలెనా, బోర్డు నీ దగ్గరుంది కదా, రెండు వైపులా విని చెబుతావా? నేను భోజనానికి లేచేలోపు చెబితే ఈ విడతలో కలుపుతాను. లేదంటే రెండు నెలలు ఆగాలి." పాపం, మంచివాడు. ఆయనకేం తెలుసు. ఆమె అప్పుడే కొత్త ప్రతిని ల్యాప్‌టాప్‌కి అప్పగించింది, అది తాపీగా ఉడుకుతుంటే వంటింట్లో నిలబడి టీ తాగింది, తాగుతూ ఏడుస్తుంటే ఆంటీ చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు ఆంటీ. ఎబెన్‌కి ఆమె వరసకి పిన్ని, వాడు ఆదివారం ఆదివారం వచ్చి తిని వెళ్ళే ఇల్లు ఇది, పిల్లలిద్దరి మధ్యా ఏదో ఉందని ఆమెకి తెలుసు, ఈమధ్య వాడు రావడం మానేశాడనీ తెలుసు. సరేలే అని హెలెనా ఆ మధ్యాహ్నం గురించి చెప్పింది. చర్చి అయ్యాక హాల్లో భోజనాలప్పుడు, మా అమ్మ రాజమండ్రి సంబంధం ఖాయం చేసేస్తానంటోంది, ఏం చెయ్యమంటావని వాడి పక్కన నిలబడి అడిగానాంటీ, "ఓ, సూపర్ కదా" అని నవ్వాడు, ప్లేటులో ఇంకో ముక్క వేసుకున్నాడు. ఆంటీ దోసె తిరగేస్తూ అంది:

"ఆ గోలలో వినపడక ఏదో అనుంటాడమ్మా. ఎడం చెవి లేదు కదా పాపం వాడికి."

"లేదేంటి ఆంటీ?"

"అదేంటి, నీకు తెలీదా? ఆరో ఏట గవదబిళ్ళలొచ్చి పోయింది. కాకినాడలో చూపించని డాక్టరు లేడు. ఎవరికీ చెప్పనిచ్చేది కాదు వాళ్ళమ్మ, పిల్లాణ్ణి ఏడిపిస్తారని. నీకు మటుకు చెప్పే ఉంటాడనుకున్నానే!"

దోసె మాడింది. రైలు టైమైంది. యూనివర్సిటీలో ప్రజెంటేషన్ ఉంది. ల్యాప్‌టాప్ పని ముగించుకుని గంట కొట్టింది, కొత్త ప్రతి బోర్డులోకి ఎక్కింది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడానికి రెండు నిమిషాలు చాలు, ఆ రెండు నిమిషాలూ ఆ ఇంట్లో ఆంటీ ముందు ఆమెకి చేతకాలేదు. అన్నీ డబ్బాలో పడేసుకుని స్టేషన్‌కి పరిగెత్తింది.

రాక్స్‌బర్గ్ పార్క్. తలుపులు తెరుచుకున్నాయి, స్కూలు యూనిఫాంలో ఆలస్యంగా వెళ్తున్న ఇద్దరమ్మాయిలు ఎక్కారు, తలుపులు మూసుకున్నాయి. ఎడమ చెవి లేదు. అయితే సినిమాలో వాడు ఎప్పుడూ ఎడమ కొసన కూర్చునేది అందుకన్నమాట. తనేమో స్క్రీన్ బాగా కనిపిస్తుందని వరుస మధ్యలోకి లాగేది, వాడు సణుక్కుంటూ వచ్చి ఆమె ఎడమ పక్కకే చేరేవాడు, ఆమె వాడి కుడి పక్కన ఉండేలా. రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ చటుక్కున వెనకనించి తిరిగి ఇటు వచ్చేవాడు. కార్లు వచ్చే వైపు నువ్వెందుకు అనేవాడు. ఆహా, ఎంత శ్రద్ధ అని ఆమె మురిసిపోయేది, స్నేహితురాలు జాక్లిన్‌కి ఫోనులో చెప్పింది కూడా, మనవాళ్ళలో ఇలాంటి అబ్బాయిలుండరే అని. కార్లు అటువైపు నుంచి రాని రోజుల్లో కూడా వాడు మారేవాడు, అది మాత్రం గమనించలేదు. ఫోను ఎప్పుడూ ఒకే చెవికి. చర్చిలో కీబోర్డు వాయించే దాసు అంకుల్ అటు పక్కనించి పిలిస్తే పలికేవాడు కాదు, పొగరని అంకుల్ అనుకున్నాడు, ఆమె వకాల్తా పుచ్చుకుని కాదంకుల్ పరధ్యానం అంది. పరధ్యానం. ఏడాదిన్నరలో ఎన్ని పేర్లు పెట్టింది దానికి! పరధ్యానం, నిర్లక్ష్యం, మొండితనం, మగబుద్ధి. అన్నీ పెట్టింది, ఉన్న పేరు తప్ప.

ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు నువ్వు, అని రోజుకి పదిసార్లు అనేది. మన ఇళ్ళల్లో ఆ మాట అనకుండా ఒక పిల్లాణ్ణి పెంచడం ఎవరివల్లా కాలేదు కదా. వాడేమో ఒకసారి, ల్యాబ్‌లో సోల్డరింగ్ పొగ ఊదుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "వదలడానికి అటువైపు దారి లేదు హెలెనా. నీ మాటలన్నీ లోపలే ఉన్నాయి." అబ్బో అనుకుంది. కవిత్వం అనుకుంది. ఆ రాత్రి డైరీలో రాసుకుంది కూడా. అది కవిత్వం కాదు, మెడికల్ రిపోర్టు.

కూలరూ దాటింది. ఆ ల్యాబ్. మొదటి సెమిస్టర్‌లో ఎవరో పాతవి పారేయబోతుంటే రెండు బోర్డులు తెచ్చాడు ఎబెన్, "శాటర్డే ఆర్వో ఖాళీయేనా?" అన్నాడు, మధ్యాహ్నం అనడానికి ఈ దేశం వాళ్ళలా ఆర్వో అనడం అప్పుడే నేర్చుకున్నాడు, కాకినాడ యాసలో ఆర్వో అంటే నవ్వొచ్చింది, ఖాళీయే అంది. ఇద్దరికీ చెరొక బోర్డు. దానిమీద శబ్దం చిప్పు ఉంది, దాన్ని పలికించే డ్రైవర్ ఎవరూ రాయలేదు, చేసిన కంపెనీయే మర్చిపోయిన చిప్పు అది. చిన్న అచ్చులో నూట నలభై పేజీల పుస్తకం ముందు పెట్టుకుని శనివారాలు గడిపేశారు. అందరూ బీచిలో బార్బీలు, అదే బార్బెక్యూలు, పెట్టుకుని మాంసం కాల్చుకుంటుంటే వీళ్ళు ఒక మూగ చిప్పు చేత కూత పెట్టించడానికి తిప్పలు పడ్డారు. అది మొదట కూసిన రోజు ఎంత వికారంగా కూసిందనీ, గొంతులో చేపముల్లు దిగిన పిల్లిలా. ఇద్దరూ లేచి గెంతారు. అప్పుడే మొదటిసారి చెయ్యి పట్టుకున్నాడు. డిసెంబరులో మమ్మీకి చెప్పేస్తాను అన్నాడు. ఏం చెబుతావు, డ్రైవర్ గురించా అంది. రెండూ, అన్నాడు.

పరీక్షకి వాడే మాటలు కూడా సొంతంగా చేసుకున్నారు. మామూలుగా ఎవరో ఇంగ్లీషావిడ లెఫ్ట్, రైట్ అంటుంది, ఆ గొంతు వినీవినీ విసుగు పుట్టి, ఎబెన్ ఫోను ఆమె నోటి దగ్గర పెట్టి చెప్పు అన్నాడు. ఆమె ఎడమ అంది, కుడి అంది, రెండో మాట చెబుతూ నవ్వేసింది, మళ్ళీ తీద్దామంటే వద్దు, నవ్వు ఉండనీ అన్నాడు. ఎడమ చానెల్లో ఎడమ, కుడి చానెల్లో కుడి, నవ్వుతో సహా. ఆ తర్వాత వాడు ఎన్ని వందలసార్లు విన్నాడో దాన్ని, ఒక ఇయర్‌ఫోను కుడి చెవిలో పెట్టుకుని, రెండోది చొక్కా మీద వేలాడుతూ. చిప్పులో నీళ్ళ కుళాయిల్లా రెండుంటాయి, ఎడమ వైపుకి ఒకటి, కుడి వైపుకి ఒకటి, మొదట రెండూ కట్టేసి ఉంటాయి, డ్రైవర్ రెండిటినీ విప్పాలి. వాడు కుడిది విప్పాడు. ఎడమది మర్చిపోయాడు. ఇంకెవరైనా అయితే మొదటి రోజే ఏదో వెలితిగా ఉందేంటని పట్టుకునేవాళ్ళు. వాడికి అటు వెలితి కొత్త కాదు కదా. ఆరో ఏటి నుంచీ ప్రపంచం అలాగే వినపడుతోంది. కుడి అని ఆమె నవ్వు వినిపించింది, బాగుంది అనుకున్నాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాడు, ఆ ఆదివారమే చర్చికి వచ్చే ముందు లిస్టుకి పంపేశాడు, రాసినవారు ఎబెన్, హెలెనా అని ఇద్దరి పేర్లూ పెట్టి.

ఆ సాయంత్రమే ఆమె తన బోర్డు మీద పెట్టి వింది. మధ్యాహ్నం హాల్లో సూపర్ కదా అన్న మాట ఇంకా మండుతోంది. పెళ్ళి గురించి అడిగితే సూపరా? ఎడమ చెవిలో శబ్దం లేదు. తీసి మళ్ళీ పెట్టింది, లేదు. ఫోను చేసి చెప్పొచ్చు. వాట్సాప్‌లో ఒక్క మాట రాయొచ్చు. లిస్టుకే రాసింది. ఇంగ్లీషులో, ఆ పెద్దవాళ్ళందరూ మెచ్చుకునే పొడి హాస్యంతో, రెండుసార్లు దిద్దుకుని మరీ. పరీక్షించాను, ఎడమ చానెల్ మూగగా ఉంది, రాసినాయన ఒక్క చెవితోనే వింటాడనుకుంటాను, ఇంట్లో కూడా ఇదే సమస్య. ముగ్గురు నవ్వుమొహాలు పెట్టారు. ఒకాయన, భార్యాభర్తలా అని అడిగాడు. ఆమె దానికి కూడా నవ్వుమొహం పెట్టింది. లిస్టుకి వెళ్ళిన మాట వెనక్కి రాదు, చెరిపే వీలు లేదు, పదేళ్ళ తర్వాత ఎవరైనా ఆ చిప్పు పేరు కొట్టి వెతికితే మొదట వచ్చేది అదే. వాడు జవాబివ్వలేదు. రెండు రోజులు అలిగాడనుకుంది, అలగనీ అనుకుంది, తనకి మాత్రం లేదా అలక. మూడో రోజు ఎనిమిది గంటల బస్సు దూరంలో, గంగాలిన్‌లో ఉండే వాళ్ళన్నయ్య మెల్విన్ దగ్గరికి వెళ్ళిపోయాడని తెలిసింది, మిగతా క్లాసులు అక్కణ్ణించి ఆన్‌లైన్లోనట. పదకొండు మెసేజులు పెట్టింది. అన్నిటిలోనూ ఉన్నది ఒకటే: అంత చిన్న జోక్‌కి ఇంతా?

బ్రాడ్‌మెడోస్. ఫోను తీసింది. ఇప్పుడు తెలిసింది కాబట్టి రాయొచ్చు. ఇన్నాళ్ళూ ఏం రాయాలో తెలియలేదు, ఇప్పుడు మాటలు వాటంతట అవే వస్తున్నాయి. ఎబెన్, నాకు తెలీదు. ఒట్టు, తెలీదు. ఆంటీ ఇవాళే చెప్పింది. తెలిస్తే అలా రాస్తానా? తెలిసి కూడా నిన్ను అందరి ముందూ అంత మాట అనేదాన్నా? రాస్తుంటే గుండె తేలికపడింది. తెలియక చేసిన తప్పుకి క్షమాపణ ఉంటుంది కదా, చట్టంలో కాకపోయినా మనుషుల్లో ఉంటుంది. వాడు చదువుతాడు, ఛ, పాపం దీనికి తెలీదు అనుకుంటాడు, ఫోను చేస్తాడు, ఏడుస్తుంది, వాడూ ఏడుస్తాడు, శనివారం బస్సెక్కి వచ్చేస్తాడు. అమ్మకి చెప్పేయొచ్చు, రాజమండ్రీ వద్దు ఏమీ వద్దని. పంపే ముందు ఆగింది. ముందు బోర్డు సంగతి తేల్చాలి, కెనడాలో పెద్దాయన భోజనానికి లేస్తాడు. పని అయ్యాక రెండూ కలిపి పంపితే బాగుంటుంది.

డబ్బా మూత తీసింది, గోంగూర వాసన వచ్చింది, ఎదుటి సీటులో స్కూలమ్మాయి ముక్కు ఎగరేసి చూసింది. పవర్ బ్యాంకు తగిలించింది. బోర్డు మీద ఎర్ర దీపం, తర్వాత పచ్చది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రైలు చప్పుడు దూరమైంది. ల్యాప్‌టాప్‌లో ఆ ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ నొక్కడానికి వేలు రాలేదు కాసేపు. నొక్కింది.

ఎడమ, అంది ఆమె గొంతు. ఎడమ చెవిలో.

స్పష్టంగా, దగ్గరగా, చెవికి ఆనించి చెప్పినట్టు. తర్వాత కుడి, నవ్వు. మళ్ళీ ఎడమ. పనిచేస్తోంది. సరిదిద్దాడు. ఎలా విని ఉంటాడు? హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకుని, ఎడమది కుడి చెవికి ఆనించుకుని, గంగాలిన్‌లో అన్నయ్య ఇంటి గదిలో కూర్చుని, తనని ఊరందరి ముందూ వెక్కిరించిన పిల్ల గొంతునే పదేపదే పెట్టుకుని విన్నాడన్నమాట, ఎడమ, ఎడమ, ఎడమ. వేరే శబ్దం పెట్టుకోవచ్చు. ఇంగ్లీషావిడ ఉంది. లేక అదే పెట్టుకున్నాడేమో. ఏమో, ఆ సంగతి ఇక తెలియదు. ఆమె మళ్ళీ నొక్కింది. ఎడమ. ఆ మాట ఇంకెక్కడో కూడా అంది తను, ఇలాగే, నవ్వుతూ కాదు, చిరాగ్గా. ఎడమ వైపు వస్తే ఏమైందట? ఎక్కడ? గాలి. బాగా గాలి వీస్తోంది. ఆల్టోనా బీచి.

సెప్టెంబరు సెలవులు, ఆల్టోనా బీచిలో చలిగాలి, జుట్టంతా మొహం మీదికి వస్తుంటే గాలికి చాటుగా ఉంటుందని ఆమె వాడికి ఎడమ వైపుకి మారింది. మామూలుగానే వాడు చుట్టూ తిరిగి వచ్చాడు. మళ్ళీ మారింది. మళ్ళీ వచ్చాడు. ఎడమ వైపు వస్తే ఏమైందట, అంది. వాడు ఆగిపోయాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు, తీశాడు. సముద్రం వైపు చూశాడు. ఇప్పుడు అన్నీ కనిపిస్తున్నాయి, అప్పుడు కళ్ళు జుట్టులో ఉన్నాయి.

"ఆ చెవిన ఏం చెప్పినా పడదు నాకు."

"ఏ చెవిన చెప్పినా పడదులే నీకు! మా నాన్నా అంతే."

వాడు ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు. ఆ తర్వాత నవ్వాడు, భుజాల మీంచి ఏదో దించుకున్నవాడిలా, ఊపిరంతా వదిలి నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, అంత పెద్ద జోక్ వేశానా అనుకుంది. ఇరవై ఏళ్ళుగా తల్లి దాచమన్న మాట చెబితే, పిల్ల జాలి పడలేదు, అయ్యో అనలేదు, మా నాన్నలాగే అంది. వాడు అలా విన్నాడు. చెయ్యి పట్టుకుని అన్నాడు:

"ఎవరికీ చెప్పకే."

"చెప్పనులే, పేపర్లో వేయిస్తాను."

అన్నాడు, అంది, అంతే, ఇద్దరూ నవ్వుకుంటూ చేపా బంగాళాదుంపలూ తినడానికి వెళ్ళారు. చెవిన పడకపోవడం అంటే మన భాషలో ఎవరైనా ఏమనుకుంటారు? మాట వినకపోవడం అనుకుంటారు. ఇంకోలా ఎవరనుకుంటారు? వేరే భాషలో చెప్పి ఉంటే తెలిసేదేమో, ఇంగ్లీషులో నేను చెవిటివాణ్ణి అంటే అర్థమయ్యేదేమో, ఇద్దరూ గోదావరి నీళ్ళు తాగిన పాపానికి తేలిగ్గా అన్నాడు, తేలిగ్గా వింది. కాదు. భాష మీద నెట్టేస్తే కుదరదు. ఆగిపోయి, చేతులు జేబుల్లోంచి తీసి, సముద్రం వైపు చూసి చెప్పే మాట సామెత కాదని పసిపిల్లకైనా తెలుస్తుంది. జుట్టు సర్దుకునే పనిలో ఉంది ఆమె. వాడు మాత్రం చెప్పాననే అనుకున్నాడు, ఈ పిల్లకి తెలుసు అనే అనుకుంటూ అప్పట్నుంచీ గడిపాడు, ప్రపంచంలో తెలిసినది ఒక్కతే అని. ఆ ఒక్కతీ లిస్టులో రాసింది, రాసినాయన ఒక్క చెవితోనే వింటాడని. వాడికి అది జోక్ కాదు. చెప్పొద్దన్నది చెప్పేయడం. పేపర్లో వేయిస్తానంది, వేయించింది.

గ్లెన్‌రాయ్ ఎప్పుడు దాటిందో, ఓక్ పార్క్ ఎప్పుడు వచ్చిందో. ఫోనులో ఆ మెసేజు అలాగే ఉంది. ఎబెన్, నాకు తెలీదు. ఒట్టు, తెలీదు. ఎంత బాగా రాసింది. ఇది పంపితే వాడు ఏమనుకుంటాడు? ఎదురుగా నిలబడి చెప్పాను కదే, అప్పుడు నవ్వావు కదే, ఇప్పుడు అబద్ధం కూడానా, అనుకుంటాడు. ఇంకో ఐదు నిమిషాల ముందు బటన్ నొక్కి ఉంటే ఆ పాపం కూడా చేరేది. ఒక్కో అక్షరం చెరిపింది. అన్నీ పోయాక ఏం మిగిలిందో చూసింది, ఏమీ మిగల్లేదు, ఖాళీ గడి. ఆమెకి ఏ సాకూ లేదు. ఎదుటి స్కూలమ్మాయి హెడ్‌ఫోన్ల వైపు సైగ చేసి ఏదో అడిగింది, పాట బాగుందా అనేమో. తల ఊపింది.

ముందు పని. లిస్టుకి రాసింది, పరీక్షించాను, రెండు చానెళ్ళూ పలుకుతున్నాయి. పరీక్షించినవారు: హెలెనా. ఇంకో మాట చేర్చాలనిపించింది. ఆ రోజు నేను రాసినది ఈ లిస్టులోనే రాశాను కాబట్టి ఇక్కడే చెబుతున్నాను, అది రాయకూడని మాట, తప్పు నాది, ఎబెన్‌ది కాదు. అంతకన్నా వివరించలేదు. వివరిస్తే మళ్ళీ చెప్పేసినట్టే. పంపింది. తర్వాత ఫోను తీసి వాడికి తెలుగులో రాసింది, రెండే ముక్కలు.

చెప్పావు. వినిపించుకోలేదు.

మూనీ పాండ్స్ దగ్గర రెండు గీతలు నీలంగా మారాయి. చదివాడు. కింద చిన్న అక్షరాల్లో, టైపు చేస్తున్నాడు. ఆగింది. మళ్ళీ టైపు చేస్తున్నాడు. తిట్టు, ఎంతైనా తిట్టు, పేజీలు పేజీలు తిట్టు, అనుకుంది, ప్రార్థనలా అనుకుంది. ఆస్కాట్ వేల్. న్యూమార్కెట్. ఆగింది. మళ్ళీ మొదలవలేదు. కెన్సింగ్టన్ దగ్గర ఫోను కాదు, ల్యాప్‌టాప్ పలికింది. లిస్టుకి ఉత్తరం, ఎబెన్ నుంచి. తెరిచింది. పరీక్షించినందుకు ధన్యవాదాలు, అని ఒక వరుస. దానికి జతగా ఇంకో చిన్న ముక్క పంపాడు, డ్రైవర్‌ది కాదు, ఏ డ్రైవర్‌ని ఎవరు చూసుకుంటారో పేర్లు రాసుకునే పట్టికది. ఈ డ్రైవర్‌కి ఎదురుగా రెండు పేర్లుంటాయి. ఒకటి కొట్టేశాడు. తనది. హెలెనా అన్నది మాత్రం ఉంచాడు. ఎందుకు మారుస్తున్నారో ఒక్క మాటలో రాయాలి, అదీ ఆచారమే, రాశాడు: దీన్ని చూసుకునే మనిషికి రెండు చెవులూ వినపడాలి, నాకు ఎడమది పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ లేదు.

రాసేశాడు. రెండు మూడు వందల మంది ముందు, తనంతట తనే. ఇక ఆమె దాచవలసింది ఏమీ లేకుండా చేశాడు. ఆ చిప్పుతో గడిపిన శనివారాలన్నీ మూటగట్టి ఆమె గుమ్మంలో పెట్టి, నీవే, తీసుకో అన్నాడు. సంబంధం తెగిపోయినప్పుడు ఇచ్చిపుచ్చుకున్నవి తిరిగిచ్చేస్తారే, అలా, వాడు మాత్రం తన వాటా కూడా ఇచ్చేశాడు. ఇకనుంచి దీని గురించి ఏ మూల నుంచి ఎవరు రాసినా ఉత్తరం ఆమెకే వస్తుంది, అతనికి పోదు. ఫోను ఎత్తకపోయినా, మెసేజు చూడకపోయినా, లిస్టులో రాస్తే మాత్రం వాడు చదివి తీరాల్సిందే అని ఆమెకి ఇన్నాళ్ళూ లోలోపల ఒక ధీమా ఉండేది. ఆ ఒక్క దారీ పోయింది. ఎబెన్ ఇక రాడు. ఆ మాట మొదటిసారి మనసులో పూర్తిగా అనుకుంది, ఎబెన్ ఇక రాడు.

నార్త్ మెల్‌బోర్న్‌లో దిగింది. ఇక్కడ బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద అందరూ ఎటో వెళ్ళిపోతున్నారు, ఆమె బెంచీ మీద కూర్చుని డబ్బా పక్కన పెట్టుకుంది. ల్యాప్‌టాప్ మళ్ళీ పలికింది. కెనడా పెద్దాయన. భోజనానికి లేచే ముందే చూసుకున్నట్టున్నాడు. "రెండూ కలిపాను. ఎబెన్, ఇంతకాలం చేసినదానికి కృతజ్ఞతలు, నిన్ను మిస్సవుతాం. హెలెనా, ఇక ఇది నీది. అభినందనలు!" దాని కింద ఇంకో ఇద్దరు కూడా అభినందనలు రాశారు. అందులో ఒకాయన, ఆ రోజు నవ్వుమొహం పెట్టిన ఆయనే. జవాబివ్వకపోతే బాగుండదు, పెద్దవాళ్ళు. కళ్ళు తుడుచుకుని, అక్షరాలు కనపడేదాకా ఆగి, థాంక్యూ, జాగ్రత్తగా చూసుకుంటాను, అని రాసింది. పంపింది. పంపాక, ఎవరు చూస్తే ఏమనుకుంటారని కూడా లేకుండా, పెద్దగా ఏడ్చింది.